మా సైదమ్మ బండ మీద కాల్చిన చేపలు

నా బిడ్డ సమాధి రాయి మీద చేపలు కాల్చారు. అందులో రెండు ముక్కలు నా పళ్లెంలో వేశారు. నేను తిన్నాను. బాగున్నాయని కూడా అన్నాను.

ముందే చెప్పేస్తున్నాను. చివర్లో చెబితే మిమ్మల్ని ఊరించడానికి దాచానని అనుకుంటారు. నాకు అంత ఓపికా లేదు, ఆ సరదా అంతకన్నా లేదు. మీరెవరూ ఆ క్యాంపుకు వెళ్లి ఉండరు. వెళ్లాలనుకునేవాళ్లు ఇది చదివాక వెళ్లండి.

సూర్యాపేట

నాకు డెబ్బై నాలుగేళ్లు. బడి గడప తొక్కలేదు. మేళ్లచెరువు దాటాక కృష్ణ ఒడ్డున మాకొక ఊరు ఉండేది. ప్రాజెక్టు కట్టాక నీళ్ల కిందికి పోయింది. అప్పటినుంచి సూర్యాపేటలో సైకిళ్లు బాగుచేసుకుని బతికాను. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, పంక్చరు కూడా వేయలేను. దొరికిందల్లా చదవడం, ఎక్కడ అన్యాయం కనబడితే అక్కడికి దరఖాస్తు రాయడం, ఇదే నా పని.

మా తమ్ముడి కొడుకు శ్రీను మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో గుమస్తా. శివరాత్రి వెళ్లిన వారం వాడు ఫోన్ చేశాడు.

“పెద్దనాయినా, మా సేటు మమ్మల్ని క్యాంపుకు తోలిస్తుండు. ఒకాయనకు జ్వరమొచ్చింది, ఒక జాగ ఖాళీ ఉన్నది. వస్తవా?”

“నా కండ్లు మంచిగనే ఉన్నయ్‌రా. ఆపరేషన్ నాకెందుకు?”

“కండ్ల క్యాంపు కాదే! టెంట్లల్ల పండుడు. సముద్రం చేపలు కాల్చి పెడ్తరు. వైన్‌లు నాలుగు తీర్లవి రుచి సూపిస్తరు.”

“యాడ?”

“కృష్ణ ఒడ్డున.”

“కృష్ణ ఒడ్డున సముద్రం చేపలెందుకురా? కృష్ణల చేపలన్నీ సచ్చినయా?”

“నాకేమెరుక. పైసలు సేటువి. ఇంకో మాట. నీ పాత ఊరి పక్కనేనంట. ఈసారి నీళ్లు శాన కిందికి దిగినయంట.”

అప్పుడు సరేనన్నాను.

మా ఇంటామె నర్సమ్మకు మోకాళ్లు పనిచేయవు. మంచం మీదినుంచే అన్నీ వింటుంది. “సైదమ్మ కాడికి పోతవా?” అంది. “రాయి తేలితే పోత” అన్నాను. పసుపు పొట్లం కట్టి నా సంచిలో పెట్టింది.

సైదమ్మ మా బిడ్డ. ఒక్కతే. దర్గాలో మొక్కుకుంటే పుట్టింది, అందుకే ఆ పేరు. ఏడేళ్లప్పుడు మూడు రోజుల జ్వరంలో పోయింది. కోదాడ దవాఖానకు ఎడ్లబండి కట్టుకుని బయల్దేరాం, సగం దారిలోనే బండి వెనక్కి తిప్పుకున్నాం. ఆమె రెండో తరగతి పుస్తకం ఇంట్లో మిగిలిపోయింది. ఆ పుస్తకం ముందేసుకుని నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఏడాది పట్టింది.

చిన్నపిల్లలు పోతే మా ఊళ్లో రాయి పెట్టేవాళ్లు కాదు. మన్ను కప్పి ఊరుకోవాలి, పదేపదే పోయి చూసుకోకూడదు, అదీ ఆచారం. నేను వినలేదు. ఆమెను నిలబెట్టి నీళ్లు పోసిన స్నానాల బండనే పెరట్లోంచి పెకిలించి తీసుకుపోయి పెట్టాను. అక్షరాలు వచ్చాక దాని మీద ఉలితో ఆమె పేరు చెక్కాను. మూడక్షరాలకు తొమ్మిది రోజులు. పెద్దమనుషులు తిట్టారు. తిట్టనీ అనుకున్నాను.

ఊరు ఖాళీ చేయించినప్పుడు ఆఫీసరు ఇళ్లు రాసుకున్నాడు, బావులు రాసుకున్నాడు, చింతచెట్లు, తాటిచెట్లు, ఆఖరికి కోళ్లగూళ్లు కూడా రాసుకున్నాడు. “మా పిల్ల ఉంది, ఆమెను ఏ గడిలో రాస్తారు?” అని అడిగాను. దానికి గడి లేదన్నాడు. కొందరు తమ పెద్దల ఎముకలు, మా మాటలో బొక్కలు, తవ్వి తీసుకుపోయారు. చిన్నపిల్లను కదిలించొద్దని మళ్లీ ఆ పెద్దమనుషులే అన్నారు. ఒకసారి వాళ్ల మాట కాదన్నాను కదా, ఈసారి విందామని విన్నాను. ఈ వయసుకు కూడా ఆ పొరపాటు నన్ను నిద్రపోనివ్వదు.

మొదటి రెండు మూడు ఎండాకాలాలు నీళ్లు దిగితే వెళ్లి చూసి వచ్చాను. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ చోటు తేలనే లేదు.

మిర్యాలగూడ

మిర్యాలగూడ గాలిలో ఉడికిన వడ్ల వాసన ఉంటుంది. దిగిన అరగంటకే తెల్లచొక్కా మీద ఊక మసి వాలుతుంది. శ్రీను ఇంట్లో ఆ పూట ఉన్నాను. కోడలు జొన్నరొట్టె, చింతచిగురు పప్పు పెట్టింది. ఈ ప్రయాణంలో నేను మనస్ఫూర్తిగా తిన్నది అదొక్కటే.

క్యాంపువాళ్లు ఫోనులో ఒక జాబితా పంపారు. టోపీ తెచ్చుకోవాలి, దోమల మందు తెచ్చుకోవాలి, చెప్పులు కుదరవు, బూట్లే వేసుకోవాలి. “బూట్లు లేకుంటే చేపలు నోట్లకు పోవా?” అన్నాను. కోడలు నవ్వింది గాని శ్రీను నవ్వలేదు. బజారుకు పోయి మూడొందల యాభై పెట్టి గుడ్డ బూట్లు కొన్నాడు. అవి ఒక వేలు తక్కువ. మర్నాటికి రెండు మడమలూ దోక్కుపోయాయి.

మనిషికి నాలుగున్నర వేలని శ్రీను చెప్పాడు. మిల్లు గేటు దగ్గర బస్తాలు మోసే ఒకామె మా వ్యాన్ చూసి, “యాడికి పోతుండ్రు సారూ, పెండ్లికా?” అంది.

“చేపలు తింటానికి” అన్నాను.

“గంత దూరమా? చెరువు గిట్ల పక్కకే ఉండె గద!” అని తలమీది బస్తా సర్దుకుని పోయింది. నన్ను కలుపుకుని తొమ్మిదిమందిమి. శ్రీను తప్ప మిగతావాళ్లంతా మిల్లువాళ్లు, నాకు కొత్త.

కోదాడ

కోదాడకు వచ్చేసరికి మాట మారిపోతుంది. టీ కొట్టు దగ్గర ఒకడు ‘జర ఆగు’ అంటే పక్కవాడు ‘కాస్త ఆగండి’ అంటాడు. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని ఒకే టీ తాగుతుంటారు.

క్యాంపువాళ్ల సరుకు మా వ్యాన్‌లోనే ఎక్కించాలట, బైపాసు పక్కన చేపల దుకాణం దగ్గర ఆపారు. ఐసు నింపిన తెల్లడబ్బాలు. వంజరం, రొయ్యలు, పీతలు, కణవలు. దుకాణం ఆయనది బందరు వైపు.

“రాత్రి లోడెత్తిన సరుకండి. మొప్ప చూడండి, ఎర్రగా ఉందో లేదో” అని ఒక వంజరాన్ని నా ముక్కు దగ్గరికి తెచ్చాడు.

“కిలో ఎంత?”

“తొమ్మిదొందలండి. క్యాంపువాళ్లకైతే కాస్త తగ్గిస్తానండి, రోజూ పట్టుకెళ్తారు కదా.” గొంతు తగ్గించి అడిగాడు, “ఒక్కమాట అడుగుతానండి, ఏమనుకోకండి. మీకు పక్కనే కృష్ణ పెట్టుకుని మా చేపలెందుకండి?”

“నేనూ అదే అడిగిన. నన్ను ముసలోన్ని జేసి కూసవెట్టిండ్రు.”

“పోన్లెండి, నా బేరం పాడుచేసుకోవడం దేనికి” అని నవ్వి మూత బిగించాడు.

మేళ్లచెరువులో శివరాత్రి జాతర దుకాణాలు ఇంకా అన్నీ ఎత్తలేదు. రంగుల గిలకల కట్టల మీద సిమెంటు దుమ్ము పేరుకుని ఉంది. లారీలు రోడ్డుకు రెండు పక్కలా బారులు. ఆ దుమ్ములో వేపాకు కూడా బూడిదరంగే. నేను ఈ దారిలో నడిచిన రోజుల్లో ఇక్కడ రాయి తవ్వేవాళ్లు ఇరవైమంది ఉంటే ఎక్కువ. ఈ నేలంతా సున్నపురాయి. మా ఊళ్లో గడపైనా, అరుగైనా, స్నానాల బండైనా ఈ రాయే.

ఒడ్డు

తెల్ల టెంట్లు పదో పన్నెండో. మధ్యలో తివాచీలు, తీగకు వేలాడే బల్బులు. ముందు బీటలు విచ్చిన బురద, దాని తర్వాత నీళ్లు. బురదలో ఎండిన తుమ్మ మోళ్లు నిలబడి ఉన్నాయి.

మా ఊరు ఎక్కడుందో వెతుక్కున్నాను. బడి పునాది దొరుకుతుందేమో, చేదబావి ఒర కనబడుతుందేమో అని చూశాను. ఒండ్రు అన్నిటినీ సమం చేసేసింది. ఇరవై ఆరేళ్లు దున్నిన చేను ఎటువైపో చెప్పలేకపోయాను. కాస్త ముందుకు పోబోతే మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. హైదరాబాదు కుర్రాడు, మర్యాదగానే మాట్లాడాడు.

“అంకుల్, ఆ తాడు దాటొద్దు ప్లీజ్. దిగబడిపోతారు. మా రిస్క్.”

“నేను ఈ ఊరోన్నే బాబూ.”

“ఇక్కడ ఊరెక్కడుందంకుల్?” అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

పొద్దున్నే వెతకొచ్చని ఊరుకున్నాను.

టెంట్ల మధ్య దారి పొడవునా రాతిపలకలు పరిచారు. కూర్చునే బల్లలూ రాతివే. అవి మావాళ్ల ఇళ్లవే అయి ఉంటాయి. ఎవరి గడపో, ఎవరి అరుగో. కోపం రావాల్సింది. రాలేదు. నీళ్లలో పడి ఉన్నవి పైకొచ్చి మళ్లీ మనుషుల కాళ్ల కింద పనికొస్తున్నాయి కదా అని ఒక విధంగా సంతోషపడ్డాను. ఆ సంతోషానికి నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి.

ఎండ వాలుతుండగా వైన్ పెట్టారు. దాని గురించి చెప్పడానికి వేరే మనిషి, మెడకు పట్టీ కట్టుకున్నవాడు. గాజుగ్లాసు కాడ పట్టుకోవాలి. తిప్పాలి. వాసన చూడాలి. కొంచెం నోట్లో పోసుకుని పుక్కిలించాలి. మింగకపోయినా ఫరవాలేదు, ఉమ్మడానికి మెరుస్తున్న గిన్నె పెట్టారు. “ఇందులో మీకు చెర్రీలు తెలుస్తాయి, పాత తోలు తెలుస్తుంది” అన్నాడు.

“పాత తోలు వాసన నాకు మంచిగ ఎరుకే. సైకిల్ సీట్లు కుట్టిన. అది పైసలిచ్చి తాగేది కాదు” అన్నాను. మిల్లువాళ్లు పగలబడి నవ్వారు. ఆ మనిషి కూడా నవ్వాడు.

మా దగ్గర కల్లు తాగేటప్పుడు మొదటి చుక్కలు నేలకు వదులుతాం. సాక పోయడమంటారు. ముందు పోయినవాళ్లకు అది. చేతికి గ్లాసు రాగానే నా చెయ్యి దానంతటదే వంగింది. తివాచీ మీద ఎర్రటి మరక పడింది. మేనేజరు అయ్యయ్యో అని ఉప్పు తెప్పించాడు. శ్రీను నా చెవిలో “గీడ అట్ల పోయొద్దే” అన్నాడు. రెండో గ్లాసప్పుడు తివాచీ పక్కన, మట్టి మీద పోశాను. అక్కడికి మూడు అడుగుల్లోనే పొయ్యి ఉంది.

ఇటుకలు రెండు వరసలు పేర్చి, దాని మీద ఒక బండ వేసి, కింద బొగ్గులు రాజేశారు. హైదరాబాదులో వేడి రాతి మీద మాంసం కాల్చే పద్ధతి ఉంది కదా, అదే చేపలకు చేశారు. బాలు అనే అతను కాలుస్తున్నాడు. దగ్గరి తండా అతను, ముప్పై అయిదేళ్లుంటాయి. నిమ్మకాయ, మిరియాలు, వెన్న రాసిన వంజరం ముక్కలు బండ మీద వేస్తే చుయ్యిమన్నాయి. మంచి వాసన. అతను ఒక్కసారి కూడా తలెత్తి మమ్మల్ని చూడలేదు. పొగకు అనుకున్నాను.

“ఉప్పు సరిపోయిందా తాతా?” అన్నాడు.

“మంచిగున్నయ్‌రా” అన్నాను.

మూడో విడత వేస్తుండగా బండ టప్పుమని పేలింది. రెండు ముక్కలైంది. రొయ్యలు నిప్పుల్లో పడ్డాయి. పక్క టెంట్ల ఆడవాళ్లెవరో అరిచారు. “సున్నపురాయి గదా, సెగ తట్టుకోదు” అని నేనే పెద్ద తెలిసినట్టు చెప్పాను. బాలు ఇంకో బండ తెచ్చి వేశాడు. మిగతా చేపలు దాని మీద కాల్చారు.

తెల్లారి

పొద్దున ముఖం కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోయాను. పగిలిన బండ ముక్కలు అక్కడ పారేసి ఉన్నాయి. రాత్రి కింద ఉన్న ముఖం ఇప్పుడు పైకి ఉంది, మసిపట్టి నల్లగా. ఎవరో చేతులు కడిగిన నీళ్లు దాని మీదుగా పారి మసి చారలుగా కరిగింది. ఆ చారల్లో ‘సై’ కనిపించింది.

కూర్చున్నాను. అరచేత్తో నీళ్లు తీసుకుని రుద్దాను. ‘ద’ వచ్చింది. ఇంకో ముక్క దగ్గరికి జరిపాను. ఆ ‘మ్మ’కు చివర నా ఉలి జారిన గీత ఉంటుంది. ఉంది.

ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. శ్రీను వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. వాడికి ఆ పేరు తెలుసు, వాడు పుట్టకముందే పోయిన అక్క. చదివి, పక్కకు పోయి, తిన్నదంతా కక్కాడు. నాకు అది కూడా చేతకాలేదు.

బాలును పిలిచాం.

“ఈ బండ యాడ దొరికింది?”

“ఒడ్డున తాతా. ట్రాక్టరు పెట్టి రెండు దినాలు ఏరినం. మస్తు బండలు.”

“పేరు సూడలేదా దీని మీద?”

“గీతలు సూసిన. నాకు సదువు రాదు. గడప రాళ్ల మీద పేర్లు రాసుకుంటరు గదా, గసుంటిదే అనుకున్న.”

“మరి రాసిన దిక్కు కిందికి ఎందుకేసినవ్?”

“గీతలల్ల చేప అంటుకుంటది.”

“ఏ జాగల లేపినవో చూపెడ్తవా? రా, ఇప్పుడే పోదాం.”

“యాదికి లేదు తాతా. అంతా బురదనే. యాదికి లేదు.” చేతిలోని పట్టకారు కింద పెట్టడం కూడా మరిచిపోయాడు.

మీకు అర్థం కావడానికి చెబుతున్నాను. రాయి పోయినా నాకు ఫరవాలేదు. ఆ రాయి ఉన్న చోటు ఒక్కటే నా బిడ్డ ఉన్న చోటు. చెట్టు లేదు, గట్టు లేదు, దారి లేదు. రాయి తీసేశాక ఆ ఒడ్డు మొత్తం ఒకటే. నర్సమ్మకు నేను ఏ చోటని చెప్పాలి?

మేనేజరు వచ్చాడు. విని, ముఖం తెల్లబోయి, “సారీ అంకుల్, రియల్లీ సారీ” అన్నాడు. ఆ మాట మీద అనుమానం లేదు. వెంటనే, మిగతా గెస్టులకు ఈ సంగతి చెప్పొద్దని బతిమాలాడు. డబ్బు వాపసు ఇప్పిస్తానన్నాడు.

“నేను పైసలు పెట్టలేదు బాబూ. మా సేటుకియ్యి. నాకు జాగ చూపియ్యి.”

“అది మా చేతుల్లో లేదంకుల్.”

“లేపింది మీ చేతులే గదా?”

తాడు దాటి నేనూ శ్రీనూ మధ్యాహ్నం దాకా తిరిగాం. ట్రాక్టరు చక్రాల జాడలు అటూ ఇటూ ముగ్గులాగా ఉన్నాయి. ఒకచోట బురద తిరగదోడినట్టు కనబడితే మోకాళ్ల మీద కూర్చుని చేతులతో తడిమాను. ఏమీ లేదు. ఇంకోచోట అలాగే. ఒక బూటు బురదలో ఉండిపోయింది. నర్సమ్మ ఇచ్చిన పసుపు ఎక్కడ వేయాలో తెలియక సంచిలోనే ఉంచాను.

తిరుగుదారి

రాతిముక్కలు రెండూ వ్యాన్ ఎక్కించబోతే మిల్లువాళ్లు అడ్డం తిరిగారు. నిన్న నాతో కలిసి నవ్వినవాళ్లే.

“పెద్దమనిషీ, నీ బాధ మాకు తెలుస్తది. గానీ సమాధి రాయి బండిల పెట్టుకొని ఇంటికి పోతమా? ఇండ్లల్ల పిల్లలున్నరు.”

“నిన్న దాని మీదనే తింటిరి గదా!”

“తెల్వక తిన్నం. తెల్సినంక ఎట్ల?”

వాళ్లను ఏమనాలి? నేను పుట్టి పెరిగిన పట్టింపులే అవి. శ్రీను తన సంచి కిందికి దించేశాడు. మర్నాడు మిల్లులో వాడికి ఎలా ఉంటుందో వాడికి తెలుసు. ఒక ట్రాలీ ఆటో మాట్లాడాం. ఆటో అతనికి నిజం చెప్పాను, తర్వాత తెలిసి తిట్టుకోవద్దని. అతను రాతిముక్కలను చూసి, లోపలినుంచి గోనెసంచి తెచ్చి కింద పరిచాడు. “కుదుపులకు మళ్లీ పగుల్తయ్” అన్నాడు, అంతే. సూర్యాపేట దాకా రేడియో పెట్టలేదు.

నర్సమ్మ మంచం మీదినుంచి చెయ్యి చాపి రాయిని ముట్టుకుంది. తాను నీళ్లు పోసిన బండ, వేళ్లకు గుర్తుంటుంది. ఏడవలేదు.

“రాయి తెచ్చినవ్. మరి పిల్ల?” అంది.

రోజుకొకసారైనా అడిగేది. ఒకరోజు అడగలేదు. నాకు ఆ రోజే భయమేసింది.

ఉత్తరాలు

నేను ఊరుకునే మనిషిని కాదు. క్యాంపుకు మూడు ఉత్తరాలు, హైదరాబాదులో వాళ్ల ఆఫీసుకు నాలుగు, మండలాఫీసుకు రెండు రాశాను. అన్నిటిలో అడిగింది ఒకటే. రాయి లేపిన చోటు ఎక్కడ? లేపిన మనిషి ఎక్కడ?

మండలాఫీసులో నా కాగితం మీద ముద్ర కొట్టి ఇచ్చారు. ముద్ర గుండ్రంగా, స్పష్టంగా ఉంది. హైదరాబాదునుంచి చివరికి ఒక కాగితం వచ్చింది. ఆ స్థలం నీటిముంపు భూమి కనుక అక్కడి రాళ్లకు యజమాని ఎవరో మేమే రుజువు చూపాలట. బాలు పని మానేశాడు, అడ్రసు తమ దగ్గర లేదట. ఆ కాగితాన్ని నర్సమ్మకు చదివి వినిపించలేదు.

ఇంతలో ఎండాకాలం వెళ్లిపోయింది. ఎగువన వానలు పడ్డాయి. కృష్ణకు నీళ్లొస్తున్నాయని పేపర్లో చదివి పేపరు మడిచి పెట్టేశాను.

బాలు తండా మనిషి, అంతవరకు తెలుసు. ఏ తండానో తెలియదు. తండాల్లో ఇంటినంబర్లు పట్టుకుని ఉత్తరాలు తిరగవు గాని బడి ఉంటే బడికి చేరతాయి. ఆ ఒడ్డు చుట్టూ ఉన్న తండాల బళ్ల పేర్లు అడిగి అడిగి రాసుకుని ఒక్కోదానికి ఒక్కో కార్డు రాశాను. హెడ్మాస్టరు గారికి నమస్కారం, క్యాంపులో చేపలు కాల్చిన బాలు మీ ఊళ్లో ఉంటే దయచేసి ఇది చదివి వినిపించండి. బాలూ, నీ మీద కేసు పెట్టను. నిన్ను తిట్టను. మా ఇంటామె నడవలేదు, రోజూ ఒకటే మాట అడుగుతుంది. గుర్తున్నంత చెప్పు. నా బిడ్డ పేరు సైదమ్మ. ఇంతే రాశాను. కార్డులో అంతకన్నా పట్టదు.

రెండు బళ్లనుంచి అలాంటి మనిషి లేడని మర్యాదగా రాశారు. మిగతావి ఏమయ్యాయో తెలియదు.

జవాబు

నీళ్లు ఒడ్డు ముంచేశాక, తాడు కట్టిన చోటు కూడా మునిగాక, ఒక కవరు వచ్చింది. రాత బడిపంతులుది. మాటలు బాలువి. ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడ ఇస్తున్నాను.

“తాతకు బాలు రాయించేది. నీ కార్డు మా బడి సారు చదివిండు. మూడు దినాలు అన్నం సయించలే. ఆ పొద్దు యాదికి లేదన్న. అది అబద్ధం. నీ బండ లేపి ట్రాక్టర్ల ఏసినంక ఎనక చక్రం గాడనే దిగబడ్డది. తీస్తందుకు తవ్వినం. చిన్న చిన్న బొక్కలు వచ్చినయ్. ట్రాక్టరాయన గొర్రెపిల్లవి అన్నడు. నాకు ముగ్గురు పిల్లలు తాతా, నాకు ఎరుకైంది. చెప్తే పని పోతదని మేనేజరుకు చెప్పలే. బండ మీద రాసింది ఎవ్వరికీ కానరావద్దని నేనే బోర్లేసిన. పొయ్యి మీద ఆ బండ పెట్టమన్ననాడు వద్దనవల్సి ఉండె. నోరు రాలే. నువ్వు తిని మంచిగున్నయ్ అన్నంక ఇంక అసలే రాలే. బొక్కలు గాడ ఇడిసిపెడ్తే నీళ్లు కొట్టుకపోతయని నా తువ్వాలల కట్టి మా తండా ఎనక గుట్ట మీద పెట్టిన. ఉతికిన తువ్వాలే. మా తండా పిల్లలు గూడ గాడనే ఉంటరు. ఎంత వరదొచ్చినా గాడికి నీళ్లు రావు. పేరు తెల్వకపాయె, ఏమని పిలవాల్నో తెల్వలే. బేటీ అని పిలిచి మన్ను కప్పిన. నువ్వు తిట్టనన్నవ్ గాని తిట్టు. నేను పనికి పోయినా మా ఇంటామెకు జాగ ఎరుకే. పొద్దుగాల రండి, ఎండైతే గుట్ట ఎక్కుడు కష్టం. అవ్వను ఇడిసిపెట్టి రాకు. నడవలేదని రాసినవ్ గద, కుర్చీల కూసవెట్టి మేం మోస్తం.”